ఈశాన్యం మూల పొయ్యి

నేను ఒక చలిపొయ్యిని. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాళ్లు నన్ను ఫైర్‌ప్లేస్ అంటారు, రానివాళ్లు గోడలో పొయ్యి అంటారు. అనంతగిరి కొండమీద ఒక ఇంటి హాల్లో, ఈశాన్యం మూల నల్లరాతితో కట్టిన నోరు నాది. అందంగా ఉంటానని ఏనాడూ చెప్పుకోలేదు. నన్ను కట్టించిన కాఫీతోట మేనేజరు సోమయాజులుగారు ఒక క్యాలెండరు బొమ్మ చూపించి, ఇలా కట్టమన్నారు. మేస్త్రీ పైడయ్యకు బొమ్మ అర్థం కాలేదు గాని పొగ సంగతి బాగా తెలుసు. అందుకే ఇటుకబట్టీ మూతిలా తయారయ్యాను, పొగను మాత్రం ఒక్క పూట కూడా ఇంట్లోకి వదల్లేదు.

తరువాత ఒక డాక్టరు వచ్చాడు. నా ముందు మేజోళ్లు ఆరబెట్టుకున్నాడు, నా బూడిదలో చిలగడదుంపలు కాల్చుకు తిని మసిచేతులు నా రాతికే తుడిచాడు. మనుషుల కృతజ్ఞత ఆ పాటిదే. అయినా అతను నన్ను అనాకారి అనలేదు. చలికి వణికేవాడికి పొయ్యి అందచందాలు చూసే తీరిక ఉండదు.

ఆ మాట అన్నది నీలవేణి. నిరుడు ఈ ఇల్లు కొన్న ముకుందరావుగారి వదిన, అంటే ఆయన భార్య వసుంధరకు పెద్ద తోడికోడలు. ఆమె నోట ఒక్క మెచ్చుకోలు వినాలని వసుంధర ముప్ఫై ఏళ్లుగా తపిస్తోంది. పులిహోర చేస్తే ఉప్పు చూసుకోవలసింది అంటుంది, పట్టుచీర కడితే రంగు వెలిసిందేమో అంటుంది. కొత్త ఇంటికి వచ్చినప్పుడు గదులన్నీ తిరిగి, ఏ వంకా దొరక్క చివరికి నా ముందు ఆగింది.

"హాల్లో ఈ కాటిపొయ్యి ఏవిటే వసుంధరా? చూస్తేనే భయమేస్తోంది."

ఆ రాత్రి వసుంధర అన్నం తినలేదు. వారం తిరక్కుండా కొత్తవలస నుంచి వాస్తు సిద్ధాంతిని పిలిపించింది. ఆయన దిక్సూచి నా మొహాన పెట్టి పెదవి విరిచాడు. "ఈశాన్యంలో నీళ్లుండాలమ్మా. నిప్పుంటే ఇల్లాలు మాటలు పడుతుంది" అన్నాడు. ముప్ఫై ఏళ్ల మాటలకు కారణం దొరికిందని ఆవిడ కళ్లు మెరిశాయి. ఇల్లు కొని ఏడాదేగా, మిగతా ఇరవైతొమ్మిదేళ్లకు నేనెలా పూచీ అని ఆయన చెప్పలేదు, ఈవిడా అడగలేదు.

మాఘమాసంలో వ్రతం పెట్టుకుంది. నీలవేణి వచ్చేలోగా నా రూపు మార్చాలి. పనికి వచ్చినవాడు పైడయ్య కొడుకు సన్యాసి. వాడు నా పొగగూటిలోకి తల పెట్టి చూశాడు.

"అమ్మా, ఈ సలికొండ మీద ఇంట్లో నీల్లెట్టుకుంటారేటండి? మా అయ్య కట్టిన గూడిది. ఓపాలి అంటించి సూడండి."

"చెప్పిన పని చెయ్యి సన్యాసీ. నీ సలహా ఎవరడిగారు?"

వాడు తండ్రి కట్టిన గూటిని తన చేతులతోనే సిమెంటు పెట్టి మూశాడు. నా నల్లరాతిమీద తెల్ల టైల్సు అతికించాడు. నెత్తిమీది టేకుపలక ఊడదీసి పెరట్లో పడేశాడు. నా నోట్లో చిన్న ఫౌంటెన్, దాని కింద నీలం బల్బు పెట్టారు. మంట మండిన నోట్లో మోటారు గుడగుడమంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

వ్రతం రోజు పొద్దుటే కొండంతా మంచు. హాల్లో పీటలమీద చుట్టాలు కాళ్లు ముడుచుకు కూర్చున్నారు. పురోహితుడు కథను పరుగులు పెట్టించాడు. ప్రసాదం చేతిలో పడగానే ఒక్కొక్కరే పెరట్లోకి జారుకున్నారు. అక్కడ సన్యాసి చెక్కముక్కలు పోగేసి చలిమంట వేశాడు. పైన అడ్డంగా కాలుతున్నది నా టేకుపలకే.

నీలవేణి నా ముందుకు వచ్చింది. వసుంధర గబగబా నీలం బల్బు వేసింది.

"నీళ్ల చప్పుడికి చలి రెట్టింపవుతోందే" అని శాలువా కప్పుకుని ఆమె కూడా మంట దగ్గరికి వెళ్లింది. వెనకే వసుంధర. అరచేతులు చాచి నిలబడ్డ నీలవేణి గొంతు కిటికీలోంచి నాకు స్పష్టంగా వినిపించింది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది. ఎంత బాగుందే వసుంధరా ఈ మంట! ఇలాంటిది హాల్లోనే ఒకటి కట్టించుకోకూడదూ?"

ముప్ఫై ఏళ్లకు వచ్చిన మెచ్చుకోలు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను ఇంట ఓడి, పెరట్లో కాలిపోతూ గెలిచాను.

కాసేపటికి వసుంధర ఒక్కతే లోపలికి వచ్చి మోటారు ఆపింది. తెల్ల టైల్సుకు నుదురు ఆనించి నిలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి. సంతోషిద్దామనుకున్నాను గాని ఎందుకో జాలేసింది.

గుమ్మంలోంచి సన్యాసి అడిగాడు. "ఈ టైల్సు ఇప్పేయమంటారేటండి?"

ఆవిడ కళ్లు తుడుచుకుని, కొంగు సర్దుకుంది.

"ఉండు. సిద్ధాంతిగారిని ఒక మాట అడుగుదాం."

నా జాలి అక్కడికక్కడే చల్లారిపోయింది.