రెండు వందల పద్దెనిమిదో నమూనా

పొద్దున్నే నడుము పట్టేయడం ఎవరికి ఉండదు, నలభై దాటాక అదో వింతా, అనుకుంటూనే మూడు నెలలు గడిపేశాను, పరుపు మార్చాను, హోబర్ట్ చలిని తిట్టుకున్నాను, వెన్నుపూసల వాతం మీద పదకొండేళ్లుగా పరిశోధన చేస్తున్నదాన్ని, నాకే తెలియలేదంటే నమ్మేదెవరు, తెలుసు, తెలిసే నోరు మూసుకున్నాను, ఎందుకంటే ఆరోగ్యవంతుల పట్టీలో రెండు వందల పద్దెనిమిదో నమూనా నాదే, అప్పట్లో రోగులతో పోల్చడానికి జబ్బులేనివాళ్ల నెత్తురు దొరక్క మా ప్రొఫెసరు మార్గో వరండాలో కనిపించినవాళ్లనల్లా పట్టుకునేది, రావే ఐల్సా, దుక్కలా ఉన్నావు, ఓ గొట్టం నెత్తురిచ్చి పో అంది, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుందా అన్నచోట లేదని రాశాను, అప్పటికి తమ్ముడు ఫెర్గస్‌ది తోటలో చెర్రీ బుట్టలు మోసిన నొప్పే అనుకున్నాం, పాపం, వాడిదీ ఇదే జబ్బని తర్వాత తేలింది.

ఇన్నేళ్లకు ఈ జబ్బు తెచ్చే జన్యువుల జంట దొరికింది, మొదటి జన్యువు ఒక్కటే ఉంటే చాలామందికి ఏమీ కాదు, రెండోది తోడైతేనే ఒళ్లు తన కీళ్ల మీద తానే పడుతుంది, నాలో రెండూ ఉన్నాయి, ఏ నమూనా ఎవరిదో చూడకూడదు, నాది చూశాను, అయినా నిక్షేపంగా ఉన్నట్టు ఆ పట్టీలోనే కూర్చున్నాను, చెబితే లెక్క చెడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను, ఈ ఉదయం ఇక ఆగలేక టీ గదిలో అనేశాను, మార్గో, ఆ నంబరు తీసెయ్, అది నాది, నాకూ వచ్చింది, ఆమె టీలో ముంచిన బిస్కెట్ మరిచిపోయింది, ఎన్నాళ్లయిందే మొద్దూ, జబ్బు దాచుకుంటారా, అదీ నా దగ్గరా అంది, ఇద్దరం కూర్చుని నన్ను తీసేసి లెక్క మళ్లీ నడిపాం, మధ్యాహ్నానికి తేలింది, జంట చెక్కు చెదరలేదు, హమ్మయ్య, వేలమందిలో ఒక్కదాన్ని, నేను పోతే ఏమవుతుంది, అది నాకు తెలియదా, జబ్బుకు జడిసి లెక్కను అడ్డం పెట్టుకున్నాను, అంతే.

ఆ ఊపులోనే ఫెర్గస్‌కు ఫోన్ చేసి నాకూ అదేరా అన్నాను, అవతల ట్రాక్టరు ఆగింది, పొద్దున ఎంతసేపు బిగుసుకుపోతోందక్కా అన్నాడు, ముప్పావుగంట అన్నాను, అయితే నువ్వింకా నయం, నాది గంటన్నర, లేవగానే వేణ్నీళ్ల కింద నిలబడు, కూర్చున్నావో అంతే సంగతులు, ఆదివారం రా, ఇద్దరం వంకరగా నడుద్దాం, ఇన్నాళ్లూ ఒక్కణ్నే నడుస్తున్నా అన్నాడు, నవ్వాను, నవ్వుతూనే గంటన్నర అన్న మాట దగ్గర ఆగిపోయాను, మా పరిశోధనకని ఏటా వాడి నెత్తురు తీస్తూ ఇదే అడిగాను కదా, ఏటా ఇరవై నిమిషాలే అన్నాడు, అలాగే రాసుకున్నాను, నేను బాధపడతానని తగ్గించి చెప్పాడు వెధవ, నాలాగే దాచుకున్నాడు, ఇక మా ఇద్దరికీ ఆ పని తప్పింది.