ఐదు నెలల ఎడం

పదిహేనో ట్రాలీని కూడా వరుసలోకి దూర్చి, బాలమల్లు వెనక్కి వచ్చి రెండు చేతులూ ఆనించి వంగాడు. అంత పొడుగు వరుసను కదిలించడానికి చేతుల బలం చాలదు. ఎడమ మడమ నేలకు గట్టిగా తన్నిపట్టి నడుములోంచి తోయాలి. కదిలేదాకానే మొరాయిస్తుంది, కదిలిందంటే ఇక ఆపడమే పని. శంషాబాద్ విమానాశ్రయంలో పదిహేనేళ్ళుగా అతను చేస్తున్నది ఇదే. జనం కార్లలోకి సామాన్లెక్కించుకుని ఎక్కడివక్కడ వదిలేసిపోయిన ట్రాలీలను ఏరుకొచ్చి, విమానాలు దిగినవాళ్ళు బయటికొచ్చే తలుపుల దగ్గర నిలబెట్టడం. పొద్దున ఆరింటికి ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి దిగుతాడు.

చూడ్డానికి చెప్పుకోదగ్గ మనిషేం కాదు. పొట్టి. మెడ వెనక ఎండకు కమిలి నల్లబడ్డ చారిక, అరచేతుల్లో అడ్డంగా కాయలు కాసిన గీత. ఎడమ బూటు మడమ ఎప్పుడూ కుడిదానికంటే ముందే అరిగిపోతుంది, నడకలో అటువైపు చిన్న ఒరుగు. రోజూ వేలమంది అతని ముందునుంచి పోతారు, ఒక్కరికీ అతని ముఖం గుర్తుండదు. కానీ ఆఫీసులో మాత్రం బాలమల్లుకు ఒక పేరుంది. ట్రాలీల్లో జనం ఏవేవో మరిచిపోతుంటారు: కళ్ళజోళ్ళు, మందుల సంచులు, పసిపిల్లల టోపీలు, ఒకసారైతే ఒక పెళ్ళికూతురి నగల పెట్టె. దొరికింది దొరికినట్టు తీసుకెళ్ళి అప్పజెప్పుతాడు. "బాలమల్లు చేతిల పడ్డదంటే భద్రంగ ఉన్నట్టే" అంటారు అక్కడ. ఆ మాటకు అతను లోలోపల మురిసిపోయేవాడు కూడా.

ఇవాళ ఆ మాట గుర్తొస్తేనే చెంప ఛెళ్ళుమన్నట్టుంది. ఊరందరి సామాన్లూ జాగ్రత్త చేసినవాడు, నిన్న కడుపున పుట్టిన పిల్లను ఒక కౌంటర్ దగ్గర వదిలేసి వచ్చాడు.

"ఏందన్నా, ముఖం గట్ల వాడింది?" పక్క వరుస తోస్తూ అడిగాడు మల్లేశ్వర్. పదేళ్ళుగా ఇద్దరిదీ ఒకే షిఫ్టు. "పిల్లల బడి సీట్ల సంగతి ఏమాయె?"

"దొరికినయ్."

"రెండూనా? అద్దాల బడిలనే?"

"ఆఁ. రెండూ."

"అబ్బో! ఇగ మమ్మల్నేడ గుర్తుపడ్తవే! ఛాయ్ తాపియ్యాలె మరి." మల్లేశ్వర్ మనస్ఫూర్తిగానే సంతోషపడ్డాడు. "అక్కాతమ్ముడు ఒక్క బస్సుల పోతరు, ఒక్క బస్సుల వస్తరు. నసీబంటే నీదే అన్నా."

బాలమల్లు నవ్వబోయాడు. మూతి సాగింది గానీ నవ్వు రాలేదు. ఎండ చిటపటలాడుతోందని తలకు రుమాలు చుట్టుకుని, మూడో అంతస్తు పార్కింగు వైపు నడిచాడు.

బాలమల్లుకు ఇద్దరు పిల్లలు. రవళికి పన్నెండేళ్ళు, ప్రణీత్‌కు పది. కానీ ఇద్దరిదీ ఒకటే తరగతి. ఇదేం లెక్కయ్యా అంటే, ఆ లెక్క తప్పిందీ బాలమల్లు చేతిలోనే. రవళి బడీడుకొచ్చినప్పుడు, "చిన్నోన్ని గూడ ఎదగనీ, ఇద్దర్ని ఒక్కనాడే ఏద్దాం. వాని చెయ్యి పట్టుకొని తీస్కపోతది" అని రెండేళ్ళు ఆపేశాడు. అతని వైపు అదేమంత వింత కాదు. ఆడపిల్ల ముందు పుట్టిన ఇళ్ళలో అలా తమ్ముడి తోడుకని ఆగిపోయిన అక్కలు చాలామందే ఉన్నారు. తీరా ఇద్దరినీ సర్కారు బడికి తీసుకెళ్ళిన రోజున, ఎనిమిదేళ్ళ పిల్లను ఒకటో తరగతిలో తీసుకోరేమోనని భయం పట్టుకుంది. పుట్టిన కాగితాలా, ఎలుకలు ఎప్పుడో కొట్టేశాయి. పంతులు తేదీలడిగితే, "పిల్లది సంక్రాంతి ముంగట, పిల్లగాడు మిరుగం నాడు" అన్నాడు. ఏ సంవత్సరం అంటే, "ఇద్దరిది ఒక్కటే రాయి సారూ, ఒక్క తరగతే గద" అనేశాడు. పంతులు జనవరి ఒకటి, జూన్ ఒకటి అని రాసుకున్నాడు. ఆ బడి కాగితం చూపించే ఆధార్ కార్డులు కూడా తీయించాడు. నాలుగేళ్ళపాటు ఆ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు.

ఈ ఎండాకాలం, పిల్లలు నాలుగు పూర్తిచేశాక, ఇంగ్లీషు బడిలో వేద్దామని భార్య స్వర్ణలత పట్టుబట్టింది. "ఏ బడన్న గానీ, ఇద్దర్ని ఒక్కకాడ్నే ఏయాలె" అని ఒకే షరతు పెట్టింది. శుక్రవారం డ్యూటీ దిగాక పిల్లలను తొండుపల్లిలో ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడికి తీసుకెళ్ళాడు. మిద్దె మీద రేకులు వేసిన గదులు. విమానం నెత్తి మీదుగా పోయినప్పుడల్లా ఎక్కాలు చెప్పే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ నోరు మూసుకుని, మోత తగ్గగానే ఆపిన అంకె నుంచే అందుకుంటున్నారు. అది చూసి రవళి పకపకా నవ్వింది. ఆ బడి నడిపే రాఘవేందర్ సారు కార్డులు కూడా అడగలేదు. "సోమారం నుంచే పంపన్నా" అన్నాడు.

"ఈడనే మంచిగుంది బాపూ" అంది రవళి మెట్లు దిగుతూ.

బాలమల్లు విన్నాడు. విని ఊరుకున్నాడు. ఎందుకంటే అతని మనసంతా హైవే పక్కనున్న ఇంకో బడి మీద ఉంది. రోజూ డ్యూటీకి పోతూ వస్తూ చూసే బడి. రోడ్డు వైపు గోడంతా అద్దాలు, వరుసగా పసుపు బస్సులు. ఒక్కసారైనా ఆ గేటు లోపలికి, పనివాడిగా కాకుండా, పిల్లల తండ్రిగా పోవాలని అతని ఆశ. ఆశలో తప్పేముంది? తప్పంతా తరవాత జరిగింది.

నిన్న శనివారం సెలవు పెట్టి, ఇద్దరికీ కొత్త నల్లబూట్లు, తెల్లసాక్సులు తొడిగి తీసుకెళ్ళాడు. రెండేళ్ళు రావాలని ఒక సైజు పెద్దవే కొని, ముందు భాగంలో కాగితం ఉండలు కుక్కాడు. నున్నటి నేల మీద రవళి జాగ్రత్తగా నడుస్తుంటే వెనకనుంచి చూసి అతనికే నవ్వొచ్చింది. అచ్చం తన నడకే, ఎడమ మడమ మీద అదే ఒరుగు.

పరీక్ష రాశారు. కౌంటర్‌లో విజయ మేడమ్ రెండు ఆధార్ కార్డులనూ పక్కపక్కన పెట్టింది.

"బాబు చాలా బాగా రాశాడండీ. పాప కూడా ఫర్వాలేదు, ఇంగ్లీషు చక్కగా చదువుతోంది. కానీ ఈ తేదీలేమిటండీ? అక్కకూ తమ్ముడికీ ఐదు నెలలేనా ఎడం? ఒకే తల్లికి ఎలా పుడతారండీ?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. బాలమల్లు చెవులు కాలిపోయాయి.

"తప్పు పడ్డది మేడమ్... జర..."

"తప్పయితే సరిచేయించుకుని రండి. కానీ ఎన్నాళ్ళు పడుతుందో ఏమో, సీట్లు సోమవారంతో అయిపోతాయి మరి." ఆవిడ చెడ్డమనిషేం కాదు, దారి చూపిద్దామనే అడిగింది. "పోనీ, పాప మీ బంధువుల అమ్మాయా? మీ దగ్గరుండి చదువుకుంటోందా? అలాగైతే ఇబ్బంది లేదండీ. కన్నతండ్రి ఒక లెటర్ మీద సంతకం పెడితే చాలు."

కార్డులు ఎత్తుకుని, "ఇద్దరూ నా బిడ్డలే" అని లేచి వచ్చేస్తే అయిపోయేది. రేకుల బడి ఎక్కడికీ పోలేదు. కానీ వెనకనుంచి వినబడిన ఆ నవ్వు ఒకపక్క, ఇంతదాకా వచ్చి తిరిగిపోవడమా అన్న పంతం ఒకపక్క. పాడు నాలుక, తిరగాల్సినప్పుడు తిరగదు గానీ తిరగకూడనప్పుడు తిరుగుతుంది.

"అవును మేడమ్. మా అన్న బిడ్డ."

రవళి అతని పక్కనే ఉంది. తలెత్తి ఒక్కసారి చూసింది. వంగి, జారిపోయిన సాక్సు పైకి లాక్కుంది. విజయ మేడమ్ ఇంగ్లీషులో అచ్చేసిన లెటరొకటి తీసి, సంతకం చోటు చూపించి అతనికిచ్చింది.

ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద రోజూ తండ్రి వెనకే కూర్చుని చొక్కా పట్టుకునే పిల్ల, నిన్న తమ్ముణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, తాను చివరన ఇనుప కడ్డీ పట్టుకుని కూర్చుంది. తల్లికి ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఏడ్చినా బాగుండేది. ఇవాళ పొద్దున చీకటితో లేచి, రోజూలాగే అతని సీసాలో నీళ్ళు నింపి బండికి తగిలించింది. "కాయితం మీద వరకే బిడ్డా" అని చెబుదామనుకున్నాడు. వంగి బూట్ల లేసులు కట్టుకున్నాడు.

బండి ఎక్కేముందు మంఖాల్‌లో ఉన్న అన్న యాదయ్యకు ఫోను చేశాడు. అక్కడ కూరగాయలు పండిస్తాడు యాదయ్య. పిల్లల్లేరు. అతని భార్య లచ్చమ్మ ఎన్నిసార్లో "రవళిని మాకియ్యరాదు మరిదీ" అని నవ్వుతూ అడిగేది. "నా పానమడుగు వదినా ఇస్త, పిల్లను అడుగకు" అనేవాడు బాలమల్లు. అలాంటివాడు ఫోనులో, "బడి కాయితమన్నా, ఇంటి పెద్దోని సంతకం కావాల్నట. టీవీ కింద పెట్టిన. మాపటికల్ల వచ్చి జర పెట్టిపో" అన్నాడు. అన్నకు ఇంగ్లీషు రాదు, స్వర్ణలతకూ రాదు. ఆ ధైర్యంతోనే అన్నాడు.

పన్నెండు కావస్తుండగా ఒక ట్రాలీలో చంటిపిల్ల చెప్పు ఒకటి దొరికింది. బొటనవేలంత. తీసి జేబులో వేసుకున్నాడు, ఆఫీసులో ఇద్దామని. పది అడుగులు వేశాడో లేదో, ఒకాయన వగరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, పాప చెప్పు..." బాలమల్లు తీసిచ్చాడు. ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నంత పనిచేసి, మళ్ళీ కారు వైపు పరిగెత్తాడు. ఒక్క చెప్పుకోసం ఇంత దూరం! బాలమల్లు అలాగే నిలబడిపోయాడు. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టేదాకా కదల్లేదు.

అప్పుడే నిశ్చయించుకున్నాడు. ఆ కాగితం చింపేయాలి. ఇంటికి పోగానే పిల్లను దగ్గరికి తీసుకుని తప్పయిందని చెప్పాలి. సోమవారం పొద్దున ఇద్దర్నీ రేకుల బడికి తీసుకెళ్ళాలి. మల్లేశ్వర్ నవ్వితే నవ్వనీ. ఆ నిర్ణయంతో చివరి రెండు గంటలూ ట్రాలీలు తేలిగ్గా కదిలాయి. రెండింటికి కార్డు కొట్టి, బండి తీసి, దారిలో ఆగి రవళికి ఇష్టమని పావుకిలో కారబ్బూంది కట్టించుకున్నాడు.

ఇంటి గడప మీద స్వర్ణలత కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊరికే. ప్రణీత్ లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"రవళేది?"

స్వర్ణలత తలెత్తలేదు. "మీ అన్న వచ్చిండు. కాయితం తీసి, గిదేందో చదువు బిడ్డా అని రవళికే ఇచ్చిండు."

బాలమల్లు చేతిలోని పొట్లం నలిగింది. కరెంటు నోటీసైనా, బ్యాంకు కాగితమైనా ఆ ఇంట్లో చదివిపెట్టేది రవళే. రెండేళ్ళ నుంచీ అంతే. ఎలా మరిచిపోయాడు?

"చదివింది. ఒక్క అచ్చరం ఇడ్సిపెట్టలే. ఇంగ్లీషుల సదివి, మల్ల తెలుగుల చెప్పింది. 'రవళి నా బిడ్డ, మా తమ్ముని ఇంట్ల ఉండి చదువుకుంటది' అని." స్వర్ణలత తలెత్తకుండానే లోపల టీవీ వైపు చెయ్యి చూపింది. "మీ అన్న కాయితం చింపేస్తనన్నడు. రవళే వద్దన్నది. 'పెట్టు పెద్దబాపూ, లేకుంటే తమ్ముని సీటు పోతది' అన్నది. ఆయన సంతకం పెట్టినంక బట్టలు సదురుకున్నది. 'నేను నీతోనే వస్త పెద్దబాపూ, మంఖాల్ల చదువుకుంట. గిప్పుడు కాయితంల గూడ ఉన్నది గద' అన్నది."

"నువ్వెట్ల పోనిచ్చినవే?"

అప్పుడు చూసింది స్వర్ణలత అతని వైపు. "నేను అడ్డంపడ్డ. 'బాపు చెప్పిండు అమ్మా, నేను విన్న' అన్నది. ఇగ నేనేం జెప్పాలె? నువ్వే జెప్పు."

మంఖాల్ ఎంత దూరం, బండి తీస్తే ఎంతసేపు? పోవచ్చు. పోతాడు కూడా. కానీ పోయి ఆ పిల్ల ముందు నిలబడి ఏ ముఖంతో ఏం చెప్పాలో తెలియక లోపలికి నడిచాడు. టీవీ కింద కాగితం ఉంది. అన్న సంతకం కోడి గీరినట్టు వంకరటింకరగా, తండ్రి అని ఉన్నచోట. దానికి పక్కనే రవళి బూట్ల పెట్టె, మూత మీద దుకాణం బిల్లు మడత కూడా పోకుండా పెట్టి ఉంది. వాపసు తీసుకుంటారనుకుంది కాబోలు, పిచ్చితల్లి.

మూత తీశాడు. తెల్లసాక్సులు ఉతికి, ఆరబెట్టి, ఒకదాంట్లో ఒకటి మడిచి ఉన్నాయి. తాను కుక్కిన కాగితం ఉండలు మళ్ళీ ఎక్కడివక్కడ కుక్కి ఉన్నాయి. పైన తుడిచింది, మెరుస్తున్నాయి. ఎడమ బూటు తీసి తిరగేశాడు.

ఒక్కరోజే తొడిగిన బూటు. మడమ ఒకవైపు అప్పుడే గీసుకుపోయి ఉంది.