లోపల గడియ

డిజైన్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు మేడం గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. "ముందే బొమ్మ గీయొద్దు. వస్తువు వాడే మనిషిని చూడండి. చెయ్యి ఎక్కడ ఆగుతోందో చూడండి. సాయం మాత్రం చెయ్యకండి. చేస్తే వాళ్ల కష్టం మీకు కనపడదు."

ఆ శనివారం ముగ్గురు విద్యార్థులను ఇంటికే తీసుకొచ్చింది. వేళ్ల కీళ్లు బిగుసుకుపోయిన అత్తగారు తన పనులు ఎలా చేసుకుంటారో చూపించాలని. "నన్ను చూడ్డానికి ఇంతమందా! టికెట్టు పెట్టాల్సింది" అని ఆవిడ మురిసిపోయారు. సీసా మూత పంటితో తీశారు. పిల్లలు రాసుకున్నారు.

"స్నానానికి మాత్రం వెంటపడకండర్రా" అంటూ బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు.

నీళ్ల చప్పుడు వినిపించి, ఆగింది. గడియ కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. ఆ తర్వాత ఏ అలికిడీ లేదు.

పొడుగమ్మాయి లేవబోయి, కూర్చుండిపోయింది. "సాయం చెయ్యకూడదు కదా మేడం?"

మేడం ఒక్క ఉదుటున లేచింది. తలుపు దగ్గరకు పరుగెత్తింది.

"అత్తయ్యా!"

జవాబు లేదు. లోపల ఏదో దబ్బున పడింది.

"అత్తయ్యా, పలకండి!"

తలుపు దబదబా బాదింది. పోయిన నెలే ఆవిడ వంటింట్లో కళ్లు తిరిగి పడబోయారు. కళ్లజోడు కుర్రాడు భుజం ముందుకు పెట్టాడు. "విరగ్గొట్టేద్దాం మేడం."

"వద్దు! తలుపు వెనకే పడి ఉంటే?" ఆమె అతన్ని వెనక్కి లాగింది.

పొడుగమ్మాయి నేలమీద పడుకుని, తలుపు కింది సందు దగ్గర నోరు పెట్టింది.

"బామ్మా, నించున్నారా, కూర్చున్నారా?"

లోపలి నుంచి సన్నగా వినిపించింది. "కూర్చున్నానే తల్లీ. బకెట్టు బోర్లించుకుని."

"దెబ్బ తగిలిందా?"

"లేదు. వేళ్లు తడి. గడియ పట్టు దొరకట్లేదు."

"మరి పలకలేదేం?"

"సిగ్గేసింది. ఇంతమంది ముందు ఓ గడియ తీయలేకపోయానని."

మేడం గోడకు జారగిలబడిపోయింది.

"తువ్వాలు కొస గడియ పిడికి చుట్టి, రెండు చేతులా లాగండి బామ్మా."

ఒకసారి జారింది. మళ్లీ జారింది. చివరికి ఠక్కుమంది. తడిసిన చీర కుచ్చెళ్లతో ఆవిడ బయటికొచ్చారు. కోడలు గట్టిగా పట్టుకుంది.

"ఇకమీదట గడియ పెట్టకండి."

"పెడతాను. తలుపు బార్లా తెరుచుకుని పోసుకోమంటావా?"

కోడలు పొడి తువ్వాలు తెచ్చి ఆవిడ భుజాల మీద కప్పింది.

సోమవారం క్లాసులో ఆమె మొదట పిల్లలకు క్షమాపణ చెప్పింది. "ప్రాణం మీదకొచ్చే చోట చూస్తూ కూర్చోవద్దు. పెన్ను పారేసి లేవండి." తర్వాత బోర్డు మీద ఇలా రాసింది: లోపలివాళ్ల మర్యాద పోకూడదు, అవసరమైతే బయటివాళ్లు తెరవగలగాలి. "మనం తేల్చాల్సింది ఇదీ. ఇప్పుడు గీయండి."

అట్టముక్కలతో చేసిన మొదటి గడియ అత్తగారి చేతిలోనే విరిగింది. రెండోది తిరిగింది గానీ బిగుసుకుంది. అసలుది తయారయ్యేదాకా ఆగక తప్పదు.

ఈలోగా ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడల్లా కోడలు వసారాలో నిలబడుతోంది. నీళ్ల చప్పుడు ఆగితే చాలు, తలుపు వైపు చెవి రిక్కిస్తుంది.

"అక్కడే ఉన్నావా?" అని లోపలి నుంచి కసురుతారు అత్తగారు.

"లేనత్తయ్యా" అంటుంది, అడుగు కదపకుండా.