భావన మేడం జాకెట్టు

ప్రొద్దుటూరు కుట్టు శిక్షణ కేంద్రంలో సర్టిఫికెట్లు ఇచ్చే రోజు, నేర్చుకున్న ఆడవాళ్లంతా కలిసి టీచరు భావనకు కొత్త జాకెట్టు కానుకగా ఇచ్చారు. కత్తిరించి కుట్టింది షాహీదాబీ. వచ్చే వారమే ఆమె జమ్మలమడుగులో సొంతంగా మిషను పెట్టుకోబోతోంది.

భావన లోపలికి వెళ్లి తొడుక్కుంది. చంకల్లో బిగిసి చెయ్యి పైకి లేవలేదు. బాగుందని చెప్తే అందరూ సంతోషంగా ఇళ్లకు పోతారు. కానీ రేపు జమ్మలమడుగులో గిరాకీలు అట్లా చెప్పరు.

ఆమె అట్లే బయటికి వచ్చింది. "కొలత తీసుకోకనే కత్తెర పెట్టినావా అక్కా?"

షాహీదాబీ తల వంచుకుంది. "టీచరమ్మ ఒంటికి టేపు పెట్టేదెట్ల మేడం? దూరం నుంచి చూసి అంచనా వేసినా."

"మేడం ఈ మధ్య ఒళ్లు చేసినారని నేను చెప్తానే ఉంటి గదా!" అంది ఆమెతో పాటు నేర్చుకున్న శకుంతలమ్మ. అందరూ నవ్వారు.

షాహీదాబీ నవ్వలేదు. "నాకీ పని రాదేమో మేడం."

భావన ఆమె దగ్గరికి నడిచింది. "కుట్టు శానా బాగుందక్కా. మొహమాటమే నిన్ను చెడగొట్టింది. ఈపొద్దు నేను టీచరును కాదు, నీ మొదటి గిరాకీని. టేపు తీసుకురా" అంటూ చేతులు లేచినంత మేర చాచి నిలబడింది.

షాహీదాబీ కళ్లు తుడుచుకుని ఆమె భుజానికి టేపు ఆనించింది.

"కదలొద్దు మేడం."

భావన కదల్లేదు.