వెనక గోడలో తలుపు

చివర బురుల్ ఇల్లు లేకపోతే ఆ వీధికి చివరే ఉండేది కాదు. నేరుగా పోయి పెద్ద రోడ్డులో కలిసేది. కలవాలనే, బిష్కెక్ నగరం అంచున ఆ కొత్త బస్తీ వెలిసినప్పుడు, అక్కడ ఒక ఇంటిమందం జాగా వదిలిపెట్టారు. అయితే నారిన్ కొండల నుంచి మొగుణ్ణి పోగొట్టుకున్న బురుల్ చంటిపిల్లతో వచ్చి, మూటలు దించుకుని వీధిలో నిలబడితే, ఇది దారి, నీకు చోటు లేదు పొమ్మని ఎవరనగలరు? ఆ వీధి వాళ్లకు అంత నోరు లేదు.

“దారిదేముంది, చుట్టూ తిరిగి పోతాం. కాళ్లేమన్నా అరిగిపోతాయా?” అన్నాడు వీధికి పెద్ద ఒరోజ్.

అంతే. ఆ వేసవిలో వీధి వీధంతా కలిసి మట్టి తొక్కింది, ఇటుకలు పోసింది, కప్పు ఎత్తింది. ఎవరికైనా ఇల్లు కట్టాలంటే అక్కడ అంతే, పిలిస్తే అందరూ వచ్చి చెయ్యి వేస్తారు, ఇంటావిడ కడుపునిండా అన్నం పెడుతుంది. వెనక గోడ మెత్తింది ఒరోజ్ భార్య కలీమా.

“వదినా, ఇటువైపు ఓ తలుపు పెట్టుకుంటే రోడ్డు దగ్గరవుతుంది కదా?” అంది బురుల్.

“రోడ్డు మీదకి తలుపా? దొంగలకి నువ్వే దారి చూపిస్తావా పిచ్చిదానా?” అని కలీమా చేతిలో ఉన్న బురద ముద్ద గోడకేసి కొట్టింది.

అప్పట్లో నగరం ఎక్కడో ఉండేది. తర్వాత అదే వచ్చి మీద పడింది. పెరిగిందట, పెద్దదయిందట! ఏం పెరగడమో! ఒకవైపు గేటూ కాపలావాడూ ఉన్న అపార్ట్‌మెంట్లు, ఇంకోవైపు గోడౌన్ల ప్రహరీ. పక్కనే ఇంకో బస్తీ, దాని వెనక మరోటి. ఎవరి సందులు వాళ్లవే, ఒక్క సందూ ఇంకో సందుతో కలవదు. మిగిలిన కాస్త వీధిలోకి కూడా ప్రతివాడూ తన కంచెను జానెడు జానెడు జరుపుకున్నాడు. బురుల్ వంటింట్లో నిలబడితే గోడ అవతల మినీ బస్సు బ్రేకు వేసిన చప్పుడు వినిపించేది. ఆ బస్సెక్కాలంటే మాత్రం కాలవ గట్టు పట్టుకుని, సంత చుట్టూ తిరిగి, గోడౌన్ల గోడ పొడవునా నడిచి రావాలి. అలవాటైపోయి ఎవరూ దాని గురించి గొణగడం కూడా మానేశారు.

ఒక శీతాకాలం మధ్యాహ్నం కలీమా తన పెరట్లో మంచు ఊడుస్తూ ఊడుస్తూ గుండె పట్టుకుని కూలబడింది. అంబులెన్సుకి ఫోన్ చేశారు. పాపం, వాళ్లు ఆలస్యం చెయ్యలేదు. కాసేపటికే సైరన్ వినిపించింది, సరిగ్గా బురుల్ ఇంటి వెనక.

“మ్యాప్‌లో మీ వీధి రోడ్డులో కలుస్తోంది. ఇక్కడ చూస్తే గోడ ఉందేంటండీ?” అన్నాడు డ్రైవరు ఫోన్‌లో.

నగరం వాళ్ల మ్యాపులో ఆ దారి ఇంకా దారిలాగే ఉంది మరి. పక్కింటాయన ఒరోజ్ చేతిలోంచి ఫోన్ లాక్కుని “చుట్టూ తిరిగి రా నాయనా, కాలవ వైపు నుంచి!” అని అరిచాడు. బండి కదిలింది. సైరన్ దూరమైంది, మళ్లీ దగ్గరైంది, మళ్లీ దూరమైంది. ఒక సందులో దూరితే గోడ, ఇంకో సందులో దూరితే కంచె. అపార్ట్‌మెంట్ కాపలావాడు గేటెత్తనన్నాడు.

ఇక లాభం లేదని, బండిని మళ్లీ ఆ గోడ వెనక్కే రమ్మని, మగవాళ్లు కలీమాను దళసరి ఉన్ని తివాచీ మీద పడుకోబెట్టి బురుల్ ఇంటి పక్క పెరట్లోకి మోసుకొచ్చారు, ప్రహరీ మీదుగా అవతల రోడ్డు మీదకి దించుదామని. నిచ్చెన తెచ్చారు. ఒకళ్లు ఎక్కారు, ఒకళ్లు పట్టుకున్నారు. అంతలోనే బురుల్ ఒళ్లో ఉన్న కలీమా తల పక్కకి వాలిపోయింది. తను మెత్తిన గోడకు చేతికందే దూరంలో ప్రాణం వదిలింది తల్లి.

ఇంటి ముందు గుడారం వేశారు, ఆడవాళ్లు శోకాలు పెట్టారు, మగవాళ్లు భుజం మార్చుకుంటూ మోసుకెళ్లి మట్టి చేసి వచ్చారు. బురుల్‌ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. అనలేదు కనకనే ఆమెకు అన్నం సయించలేదు.

తర్వాత నగరపాలక సంస్థ మనుషులొచ్చి, మీరు ఒప్పుకుంటే ఇల్లు తీసేసి రోడ్డు కలిపేస్తామన్నారు. వీధి వాళ్లంతా ఒరోజ్ ముఖం వంక చూశారు.

“ఆ జాగా నా నోటితో ఇచ్చాను. నేను బతికుండగా ఆ మాట ఎత్తొద్దు,” అన్నాడు ఒరోజ్.

ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి అతను బురుల్ ఇంటివైపు చూడటం మానేశాడు. గడప దాటగానే తల తిప్పేసుకుని కాలవ వైపు నడిచేవాడు. అన్న లాంటి మనిషి. ఆమెకు ఈ వీధిలో నిలువ నీడ ఇచ్చిందే అతను.

ఒక రోజు పొద్దున్నే బురుల్ గొడ్డలి తీసుకుని వంటింటి వెనక గోడ మీద వేసింది.

“అమ్మా, పిచ్చెక్కిందా నీకు?” అని పరిగెత్తుకొచ్చింది కూతురు సెజిమ్.

“తలుపు పెడుతున్నా.”

“ఊళ్లో వాళ్లందరూ మన వంటింట్లోంచి నడుస్తారా? ఇది ఇల్లనుకున్నావా, బస్టాండనుకున్నావా?”

“నడవనీ. ఆ రోజు ఈ తలుపుంటే మీ అత్త బతికేది,” అంది బురుల్. సెజిమ్ చలికి వణుకుతూనే తట్టలో మట్టిపెళ్లలు ఎత్తి బయట పోసింది.

మొదట్లో జనం బిడియపడ్డారు. గుమ్మంలో బూట్లు విప్పి చేత పట్టుకుని, సలాం చెప్పి, వంటింట్లోంచి వెనక తలుపు దాకా దొంగల్లా అడుగులేసేవారు. ఇంట్లోకొచ్చిన వాళ్లు రొట్టె తుంచి నోట్లో వేసుకోకుండా పోకూడదు కదా, అది అక్కడి మర్యాద. అందుకని బురుల్ బల్ల మీద రొట్టె పెట్టి ఉంచేది. అందరూ ఒక్క తునక తుంచుకుని “చల్లగా ఉండు తల్లీ” అని దీవించి పోయేవారు. పండక్కి ముందు ఒకాయన గొర్రెను కూడా తోలుకొచ్చాడు.

“దీనికీ రొట్టె పెట్టక్కా, మర్యాద తెలిసిన గొర్రె!” అన్నాడు. కలీమా పోయాక బురుల్ నవ్వింది అదే మొదటిసారి.

రానురాను బూట్లు విప్పడం మానేశారు. బురద బూట్లు, బంగాళాదుంప బస్తాలు, సైకిళ్లు. రొట్టె ఎండిపోయేది, ఎవరూ ముట్టేవారు కాదు. బురుల్ అన్నం తింటుంటే పక్కనుంచి పేరు కూడా తెలియని వాళ్లు ఫోన్‌లో మాట్లాడుకుంటూ పోయేవారు. పోనీలే, నడవడానికే కదా పెట్టింది, అనుకునేది. ఆమె ఎదురుచూసేది ఒక్కరి కోసమే. ఆ ఒక్కడూ రాలేదు. మోకాళ్ల నొప్పితో, కర్ర ఊతంగా, ఆ చుట్టుదారినే రోజూ బస్సుకి పోయేవాడు.

మంచు కరిగి కాలవ గట్టంతా జారుడుగా ఉన్న రోజుల్లో బురుల్ ఇక తట్టుకోలేకపోయింది. అతను గేటు తీసే వేళకి వెళ్లి ఎదురుగా నిలబడింది.

“అన్నా, నన్ను తిట్టు. కావాలంటే ఇల్లు కూలగొట్టించు. ఒట్టు, ఏడవను. గొర్రెలు కూడా నడిచిన దారిలో నువ్వొక్కడివే నడవకపోతే నేనెలా బతకను?”

ఒరోజ్ తల తిప్పుకోకుండా ఆమె ముఖంలోకి చూశాడు. ఎన్ని నెలలకో అలా చూడటం.

“నీ మీద కోపమనుకున్నావా? జాగా ఇచ్చింది నేను. తలుపొద్దంది మీ వదిన. ఇందులో నీదేముందమ్మా?”

“మరెందుకన్నా?”

“రోడ్డు చాలా దూరం కాబట్టే దాన్ని తీసుకెళ్లలేకపోయామని చెప్పుకుంటున్నాను నాకు నేను. ఆ మాట పట్టుకునే రాత్రిళ్లు పడుకుంటున్నాను. నీ ఇంట్లోంచి ఒక్కసారి నడిచానంటే ఎంత దగ్గరో నా కాళ్లకి తెలిసిపోతుంది. అది తెలిశాక నేను బతకలేను చెల్లీ. నన్నిలా తిరగనీ.”

కర్ర మీద బరువేసి కాలవ వైపు తిరిగాడు. బురుల్ ఇంటికి పోదామని వెనక్కి తిరిగి చూస్తే, ఎవరో ముందు తలుపూ వెనక తలుపూ బార్లా తీసి వదిలేసి పోయారు. ఒరోజ్ గేటు దగ్గర నిలబడితే, ఆమె వంటింట్లోంచి అవతల రోడ్డు మీద ఆగిన బస్సు, అందులో కూర్చున్న మనుషుల ముఖాలతో సహా కనిపిస్తోంది. బురుల్ పడుతూ లేస్తూ పరిగెత్తి రెండు తలుపులూ మూసి, ముందు తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

అప్పటినుంచి అతను బయటికొచ్చే వేళకి ఆమె తలుపులు మూసేస్తుంది. అతను కాలవ మలుపు తిరిగేదాకా, ఎంత తొందరలో ఉన్నవాళ్లు ఎంత విసుక్కున్నా, ఎవరినీ పోనివ్వదు.