నైరుతి మూల సబ్‌వూఫర్లు

మా బావగారు గంగాధర్‌కి పాటల పిచ్చి. ఆ పిచ్చి ఆయన గోడ దాటకపోతే నాకేం నొప్పి? గొల్లపూడిలో మా మామగారి ఇంటిని మధ్యలో గోడ కట్టి అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. వాళ్ళ హాల్లో నైరుతి మూలకి సరిగ్గా అవతల మా పడగ్గది. ఆ మూలలోనే బేస్ మోత పుట్టించే సబ్‌వూఫర్ పెట్టె పెట్టించాడు మహానుభావుడు.

మా ఆయన రాంబాబుకి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో నైట్ డ్యూటీ. పగలు పడుకోవాలి. గోడా మంచం గుండె అన్నీ ధబ్ ధబ్‌మని అదురుతుంటే ఎవడికి నిద్ర పడుతుంది? మొన్న డ్యూటీలో కునుకు తీసి దొరికిపోయారు. ఇంకోసారి పడుకుంటే ఉద్యోగం ఊడుతుందని గట్టిగా చెప్పారట. అయినా ఈయన, "పోనీలేవే, మా అన్నయ్యే కదా" అంటారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

రెండో సబ్‌వూఫర్ కూడా దిగిన రోజు ఇక ఊరుకోలేదు. కొంగు దోపుకుని వెళ్ళాను.

"బావగారూ, మమ్మల్ని బతకనిస్తారా, లేదా?"

"సౌండెక్కడుందమ్మా? ఒకటి చాలక రెండోది కొన్నా. అయినా చచ్చినా బేస్ రావట్లా. మీది ఒట్టి ఏడుపు," అన్నాడు కుర్చీలోంచి లేవకుండానే.

ఆ కుర్చీ పక్కన నిలబడి విన్నాను. నిజమే, అక్కడ పాట చప్పగా ఉంది. ఒక పెట్టె నైరుతిలో, ఇంకోటి ఈశాన్యంలో పెట్టమని షాపువాడు చెప్పాడట, వైరు కూడా అక్కడిదాకా వదిలాడట. ఈశాన్యంలో బరువు పెడితే ఇంటి మగపిల్లలకి చేటని బావగారు రెండూ ఒకదాని మీద ఒకటి నైరుతిలోనే ఎక్కించాడు.

"రండి, మీ బేస్ ఎక్కడుందో చూపిస్తా," అని పాట ఆపనివ్వకుండా మా ఇంటికి తీసుకొచ్చాను.

మా ఆయన చెవుల మీద దిండు అదుముకుని పడుకున్నారు. బావగారు మంచం అంచున కూర్చుని గోడకి చెయ్యి ఆనించాడు. మొహం వెలిగిపోయింది.

"అబ్బ! ఇదీ బేసంటే!"

తమ్ముడి వంక చూడనైనా లేదు.

"మగపిల్లలకి చేటన్నారుగా. మరి ఈయన ఆ ఇంట్లో పుట్టిన మగపిల్లాడు కాదా?" అన్నాను.

"గోడ లేచిన్నాడే అయిపోయిందమ్మా అదంతా. వాడేమైతే నాకేంటి?"

మా ఆయన దిండు పక్కన పడేశారు. చెప్పులు కూడా వేసుకోకుండా అవతలింట్లోకి వెళ్ళి, పై పెట్టె ఎత్తి, ఈశాన్యం మూలలో ధన్‌మని దించి, అక్కడున్న వైరు తగిలించారు.

"చేటు ఎవరికొస్తుందో ఇప్పుడు చూద్దాం!"

బావగారు తిట్టుకుంటూ పరుగెత్తుకొచ్చి పెట్టె మీద చెయ్యి వేశాడు. వేసినవాడు ఆగిపోయాడు. కుర్చీ దగ్గరికి బేస్ వచ్చింది. ఇద్దరు కొడుకుల తండ్రి, ఆ పెట్టెని అక్కడే వదిలేసి కూర్చుని వినడం మొదలెట్టాడు. సిగ్గులేని మనిషి!

మా గోడ అదురు బాగా తగ్గింది. "ఇక హాయిగా పడుకోండి," అన్నాను. మా ఆయన అటు తిరిగి పడుకున్నారు. సాయంత్రం డ్యూటీకి లేపుదామని వెళితే కళ్ళు తెరుచుకునే ఉన్నారు.

"నేనేమైతే తనకేంటన్నాడే," అన్నారు.