అక్క మరుపు, చెల్లెలి తుమ్ము

పొద్దున్నే దుకాణం తలుపులు తీయగానే అక్క కత్తిరింపు బల్ల దగ్గర నిలబడేది, చెల్లెలు మిషన్ ముందు కూర్చునేది. వయసులో ఉన్నప్పటి నుంచీ అంతే. మనిషిని ఒక్కసారి కొలిస్తే చాలు, భుజం, ఛాతీ, చేతి పొడవు అక్క జన్మలో మరిచిపోయేది కాదు. ఆమె కత్తిరించి ఇచ్చింది చెల్లెలు నోరెత్తకుండా కుట్టేది.

అరవై దాటాక అక్కకు మరుపు మొదలైంది. ఆమె మరిచిపోయినదల్లా చెల్లెలికి చేరేది. ముందొక తుమ్ము, వెంటనే ఆ కొలత. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. అక్క సుద్దముక్క పట్టుకుని తడబడితే, కోటు కోసం వచ్చినవాళ్ళు తుమ్ము కోసం చెల్లెలి వైపు తిరిగేవాళ్ళు.

అక్కకు ఒళ్ళు మండిపోయేది. తను పోగొట్టుకోవడం ఒక ఎత్తు, అది చెల్లెలి పాలు కావడం ఇంకో ఎత్తు.

"ఆ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకోవే!" అని కసిరేది.

ఒకరోజు అక్క పోస్ట్‌మాస్టరు కోటుకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. "ఇకనుంచి చిన్నమ్మగారే కత్తిరిస్తే బాగుంటుందండీ," అన్నాడాయన. చెల్లెలు మాటవరసకైనా వద్దనకుండా కత్తెర అందుకుంది. ఆ పూట అక్కకు అన్నం సహించలేదు.

చెల్లెలు రోజూ పరగడుపున థైరాయిడ్‌కని ఓ చిన్న మాత్ర వేసుకుంటుంది. కిటుకంతా అందులోనే ఉందనుకుంది అక్క. మార్కెట్‌కని చెప్పి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మా చెల్లెలు మింగేదే నాకూ రాయండి."

డాక్టరమ్మ నవ్వుతూనే రక్తపరీక్ష చేయించింది. ఫలితం చూశాక నవ్వలేదు. "మీకూ థైరాయిడ్ బాగా తక్కువగా ఉందండీ. మరుపుకి అదీ ఒక కారణం కావచ్చు. మాత్ర మాత్రం మానొద్దు."

చెల్లెలి కంట పడకూడదని అక్క ఆ మాత్రల్ని బొత్తాల డబ్బాలో దాచింది. మర్నాటికి డాక్టరమ్మనీ మాత్రల్నీ కూడా మరిచిపోయింది.

చెల్లెలు తుమ్మింది. ముక్కు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు కోటు కత్తిరించుకుంటూ కూర్చుంది.

చాలా రోజులు అలాగే గడిచాయి. అక్క మూలన కాజాలు కుడుతూ ఉండేది. ఒక పొద్దున తలెత్తి, "ఎవరమ్మా మీరు? కొలతలకా?" అని చెల్లెల్నే అడిగింది.

చెల్లెలికి తుమ్ము ఆగలేదు. కళ్ళ ముందు ఓ పళ్ళూడిన పిల్ల, చిన్నప్పటి తనే, చేతులు చాపి నిలబడింది. దానికోసం తన గౌను విప్పదీసి చిన్న గౌను కుడుతోంది అక్క. ఆ పిల్లంటే అక్కకి ఎంత ముద్దో చెల్లెలికి ఇన్నేళ్ళకి తెలిసింది. ఏడుస్తూ బొత్తాల డబ్బా బోర్లించింది.

"నోరు తెరువక్కా."

నెలలు గడిచేకొద్దీ తుమ్ములు తగ్గాయి. ఓ రోజు పోస్ట్‌మాస్టరు గుమ్మంలో ఉండగానే అక్క ఆయన కొలతలన్నీ గడగడా చెప్పేసింది. చెల్లెలు కత్తెర బల్లమీద పెట్టి, మిషన్ దగ్గరికి నడిచింది.

"ఏమే, మాత్రల సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు మరిచిపోయిన రోజే."

"మరి అన్నాళ్ళూ?"

"కత్తెర వదలబుద్ధి కాలేదక్కా."

అక్క బల్లమీది కత్తెర అందుకుంది. కోటు కుడిచెయ్యి కత్తిరించి, కత్తెరను బల్ల మీదుగా చెల్లెలి వైపు తోసింది.

"ఎడమది నువ్వు కత్తిరించు. చూద్దాం నీ గొప్ప."